జర్మనీ ఎంఎస్ మోటివేషన్ లెటర్: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

జర్మనీ యూనివర్సిటీ నుంచి తిరస్కరణ రాగానే మన బీటెక్ విద్యార్థులు చేసే మొదటి పని, ‘ఈ కోర్సే ఎందుకు’ అని దరఖాస్తుతో పంపే మోటివేషన్ లెటర్‌లోని ఇంగ్లిష్‌ను ఇంకాస్త గంభీరంగా మార్చడం. జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలువేనని ధ్రువీకరించేది), యూని-అసిస్ట్ ఖాతా (దరఖాస్తులు పంపే పోర్టల్), భాషా పరీక్ష లాంటివన్నీ మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

లక్షణం: తిరస్కరణ వచ్చింది, తప్పు లెటర్‌దే అనిపిస్తోంది

ముందు ఆ తిరస్కరణ లేఖను చివరిదాకా చదవండి. అది చదవకుండానే లెటర్ పట్టుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ. గణితంలోనో, థియరిటికల్ కంప్యూటర్ సైన్సులోనో క్రెడిట్లు చాలలేదని అందులో ఉంటే లెటర్‌కు ఆ పాపంలో భాగం లేదు. అక్కడి మాస్టర్స్ కోర్సులు చాలావరకు డిగ్రీలో చదివినదానికి కొనసాగింపు. ఏ విభాగంలో ఎన్ని ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీల కొలమానం) క్రెడిట్లు ఉండాలో కొన్ని కోర్సుల నిబంధనల్లోనే ఉంటుంది. ఒక ఈసీటీఎస్ అంటే 25 నుంచి 30 గంటల చదువు. మన మార్కుల జాబితాలోని క్రెడిట్‌ను నేరుగా దానితో పోల్చకూడదు. గ్రేడు సంగతీ అంతే. వాళ్ళ లెక్కలో 1.0 అత్యుత్తమం, 4.0 పాస్ హద్దు. కోర్సు 2.5 దగ్గర గీత గీస్తే 2.8 వచ్చినవారిని లెటర్ గట్టెక్కించదు. మంత్రాలకు చింతకాయలు రాలవు.

లక్షణం: లెటర్ బాగానే ఉంది, కానీ ఏ యూనివర్సిటీకైనా సరిపోతుంది

కారణం: కోర్సులోని మాడ్యూళ్ళ, అంటే సబ్జెక్టుల, వివరాలుండే మాడ్యూల్ హ్యాండ్‌బుక్ తెరవలేదు. ఎన్నిసార్లు చెప్పినా జరగని పని ఇదే. ఆ పీడీఎఫ్ సాధారణంగా విభాగం వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతుంది. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు, ఏది తప్పనిసరి, ముందుగా ఏమి తెలిసి ఉండాలి అన్నీ అందులో ఉంటాయి. దాన్ని వదిలేసి ‘ప్రపంచ స్థాయి విద్య’, ‘సుసంపన్న సంస్కృతి’ అని రాస్తే, శుభలేఖలో వధూవరుల పేర్లు మార్చి మళ్ళీ అచ్చు వేసినట్టే ఉంటుంది.

పరిష్కారం: రెండు మాడ్యూళ్ళు చాలు. మీరు ఎక్కడ ఆగిపోయారో, ఆ మాడ్యూల్ అక్కడి నుంచి ఎలా ముందుకు తీసుకెళుతుందో చెప్పండి. ఎనిమిది పేర్లు వరుసగా దించితే హ్యాండ్‌బుక్ తెరిచారని మాత్రమే తెలుస్తుంది. పంపే ముందు, మీరు దరఖాస్తు చేసిన మిగతా యూనివర్సిటీల పేర్లు ఒక్కొక్కటే ఫైలులో వెతకండి. నవ్వకండి, ఆఖెన్‌కు పంపిన లెటర్‌లో స్టుట్‌గార్ట్ కనిపించడం వింతేమీ కాదు.

లక్షణం: మార్కులు, మాడ్యూళ్ళు, భాష అన్నీ బాగున్నాయి, అయినా లెటర్‌కు పాయింట్లు రావు

ఇక్కడ నిదానంగా చదవండి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ వంటి చోట చాలా మాస్టర్స్ కోర్సులకు అభ్యర్థి అర్హతను పాయింట్లతో అంచనా వేస్తారు. గ్రేడుకు, సబ్జెక్టుల పొంతనకు, లెటర్‌కు వేటికవే పాయింట్లు. అలాంటిచోట లెటర్‌ను లోపలి నుంచి తినేసేది ప్రాజెక్టు పేరా. పైకి అది లెటర్‌లోకెల్లా బలమైన పేరాలా కనిపిస్తుంది, అందుకే ఎవరూ అనుమానించరు.

ఒకే బ్యాచ్‌కు చెందిన ఇద్దరి లెటర్లు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడింది. ప్రాజెక్టు పేరా ఇద్దరిదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. కాపీ కొట్టుకున్నారా అంటే అదీ లేదు. ఎవరి మటుకు వారు ప్రాజెక్టు రిపోర్టు మొదట్లో సారాంశంగా ఉండే అబ్‌స్ట్రాక్ట్‌ను తెచ్చి పెట్టుకున్నారు. మేజర్ ప్రాజెక్టు అంటే ముగ్గురో నలుగురో కలిసి చేసేది, రిపోర్టు ఒక్కటే. నలుగురూ ఒకే కోర్సుకు దరఖాస్తు చేస్తే ఒకే పేరా నాలుగుసార్లు వెళుతుంది. పైగా రికమెండేషన్ లెటర్ ముసాయిదా ‘నువ్వే రాసుకుని రా’ అని గైడ్ అంటే, అదే అబ్‌స్ట్రాక్ట్ అందులోకీ చేరుతుంది.

ఆ పేరా ఇలా ఉంటుంది: ‘డీప్ లెర్నింగ్ సాయంతో టమాటా ఆకు తెగుళ్ళను గుర్తించే వ్యవస్థను రూపొందించాం. 98 శాతం కచ్చితత్వం సాధించాం.’ ఎవరు రూపొందించారు? ఏ ఫోటోలపై? ఇలాంటి ప్రాజెక్టుల్లో తరచూ వాడేది ప్లాంట్‌విలేజ్ అనే బహిరంగ సేకరణలోని ఫోటోలే. కోసిన ఆకును ఒకే రకం నేపథ్యం మీద పెట్టి తీసినవి. 54,306 ఫోటోలతో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో 99.35 శాతం కచ్చితత్వం వచ్చింది. అదే మోడల్‌కు బయటి నుంచి తెచ్చిన ఫోటోలు ఇస్తే 31 శాతం దగ్గరకు పడిపోయింది. ఈ రంగం తెలిసిన ప్రొఫెసర్‌కు మీ 98 చూస్తే ఆశ్చర్యం కలగదు, అనుమానం కలుగుతుంది.

ఇదే పనిని ఇలా రాయవచ్చు: ‘లేబుళ్ళు సరిచూడటం, మోడల్‌ను పరీక్షించడం నా వంతు. మదనపల్లె దగ్గర తోటలో ఫోనుతో తీసిన ఫోటోలు ఇస్తే ఎండిన మట్టిని కూడా తెగులుగా చూపింది. ఆకును మాత్రమే కత్తిరించి ఇచ్చాక కొంత మెరుగుపడింది, నీడ పడిన ఆకుల దగ్గర ఇంకా తప్పుతోంది.’ ఇందులో 98 లేదు. కానీ ఇది ఒక్కరికే చెందిన పేరా, ఇంకొకరు తమ పేరు పెట్టుకోలేరు. కంప్యూటర్ విజన్ మాడ్యూల్ ఎందుకు కావాలో వేరే చెప్పనక్కర్లేదు, ఆ నీడ పడిన ఆకులే చెబుతాయి.

పరిష్కారం: ఈ పేరా రాసేటప్పుడు రిపోర్టు మూసేయండి. కోడ్ ఫోల్డర్, రివ్యూ రోజు చూపిన స్లైడ్లు, బ్యాచ్ వాట్సాప్ గ్రూపు తెరవండి. ‘ఇది ఎందుకు పనిచేయట్లేదు’ అని మీరు రాత్రిపూట పెట్టిన మెసేజ్‌లోనే అసలు సరుకు ఉంటుంది. రాశాక ప్రతి వాక్యాన్నీ ఒకటే అడగండి: దీన్ని నా బ్యాచ్‌మేట్ తన లెటర్‌లో పెట్టుకోగలడా? పెట్టుకోగలడంటే కొట్టేయండి.

అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టయితే దాన్ని ఎంత చెక్కినా పేరా కాదు. వదిలేసి, నిజంగా మీ చెయ్యి పడిన మినీ ప్రాజెక్టో, ఇంటర్న్‌షిప్‌లో సరిచేసిన చిన్న లోపమో రాయండి. చిన్నదని సిగ్గుపడకండి. కొన్నవాళ్ళకు ఈ సలహా నచ్చదని తెలుసు.

లక్షణం: అడిగిన నిడివి దాటిపోతోంది

బాల్యం కొట్టేయండి. నాన్నగారు ఇంటికి మొదటి కంప్యూటర్ తెచ్చిన రోజు కూడా అందులోకే వస్తుంది.

మిగతావి

ఫాంటు, మార్జిన్లు, సంతకం నీలం సిరానా నల్ల సిరానా: వీటి గురించి వచ్చే ప్రశ్నలకు లెక్క లేదు, వీటివల్ల తిరస్కరణ రావడం బహు అరుదు. కోర్సు పేజీ ప్రత్యేకంగా ఏదైనా అడిగితే అలాగే చేయండి. ఒకటి రెండు వ్యాకరణ దోషాలకు ఎవరూ సీటు ఆపరు. బ్యాక్‌లాగులు, మధ్యలో ఖాళీగా ఉన్న ఏడాది ఉంటే కారణం రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్ళండి. మూడో వాక్యం నుంచి అది సంజాయిషీ అవుతుంది.