పాత ఎండల లెక్క సరిచేద్దాం – 3వ పాఠం: మెట్టు ఎక్కడ పడింది?

పోయిన పాఠంలో అనంతపురం, కర్నూలు, కడప వాతావరణ కేంద్రాల గరిష్ఠ ఉష్ణోగ్రతల ఏడాది సగటులను ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టుకున్నాం. ఈసారి పని ఉత్త తీసివేతలే. అయినా ఈ విద్యకంతా ప్రాణం ఇక్కడే ఉంది, తొందరపడకండి.

కళ్లంలో కాటా మార్చారనుకోండి. ఆ రోజు నుంచి ప్రతి వేరుశనక్కాయల మూటా రెండు కిలోలు ఎక్కువ తూగితే పంట పెరిగిందనం, కాటాను అనుమానిస్తాం. ఇదీ అంతే. థర్మామీటర్లుండే తెల్లటి చెక్కపెట్టెను, అంటే స్టీవెన్సన్ స్క్రీన్‌ను, వేరే చోటికి మార్చినా, పక్కన సిమెంటు పరిచినా రికార్డులో మెట్టు పడుతుంది, అంటే అప్పటి నుంచి అంకెలన్నీ ఒక్కసారిగా పైకో కిందికో జరుగుతాయి. మన దేశంలో దాని తలుపు ఉత్తరం వైపు ఉంచేది, రీడింగ్‌కి తెరిచినప్పుడు ఎండ లోపల పడకూడదనే. అంత సున్నితం.

ఒక్క అనంతపురం గీత చూస్తే మెట్టు కనపడదు. వానలు ఎగ్గొట్టిన ఏడాది వేడి పెరుగుతుంది, మంచి వానలు పడితే తగ్గుతుంది. ఆ ఊగిసలాటలో అది దాక్కుంటుంది. కానీ కరువొస్తే సీమంతా మాడుతుంది కదా! అనంతపురంలోంచి కడపను తీసేస్తే ఆ వేడి చాలావరకు కొట్టుకుపోతుంది.

నేను అనుకున్న అంకెలతో చూడండి. అనంతపురం–కడప తేడా మొదటి నాలుగేళ్లు −0.9, −1.0, −0.8, −0.9. తర్వాత నాలుగేళ్లు −0.3, −0.2, −0.4, −0.3. సగటు −0.9 నుంచి −0.3కి వచ్చింది. మెట్టు 0.6 డిగ్రీలు. (నిజం లెక్కకి నాలుగేళ్లు చాలవు, అటూ ఇటూ పదేళ్లయినా ఉండాలి.)

మరి మారింది అనంతపురమా, కడపా? కర్నూలును సాక్ష్యానికి పిలవండి. అనంతపురం–కర్నూలు తేడాలోనూ అదే ఏడాది మెట్టుండి, కర్నూలు–కడప తేడా చదునుగా ఉంటే, మార్పు అనంతపురంలోనే.

అప్పుడు మెట్టుకు ముందున్న అనంతపురం ఏళ్లన్నిటికీ 0.6 కలపండి. పాతవాటికే ఎందుకంటే, రేపటి రీడింగ్ ఇప్పటి పెట్టెలోంచే వస్తుంది. అసలు అంకెలు మాత్రం చెరపొద్దు, పక్కన కొత్త కాలమ్ తెరవండి. సరిచేయడమంటే వేడిని పెంచి చూపించడమేనని కొందరి అనుమానం. ఇక్కడ చూడండి, పాత ఏళ్లు పైకి జరిగాయి కాబట్టి వేడెక్కడం తగ్గింది.

మీ పని: మూడు జతల తేడాలకూ గీతలు గీసి, మెట్టు పడిన ఏడాది రాసుకోండి. కేంద్రం చరిత్ర, అంటే పెట్టె ఎప్పుడు మారిందో రాసి ఉన్న కాగితాలు, ఆ తర్వాతే తెరవండి. ముందే చూస్తే కళ్లు అక్కడే మెట్టును వెతుకుతాయి. ఊరు పెరిగేకొద్దీ తేడా గీత మెట్టులా కాక ఏటవాలుగా లేస్తుంది, దాని సంగతి 4వ పాఠంలో.