పాత జీపు కొని బాగుచేసుకోవడం ఎలా?

2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకి వచ్చిన సంగతి కర్నూలు వాళ్లకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. నేను మొదట కొన్న జీపు ఆ నీళ్లలో మునిగి లేచిందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. ఆలివ్ గ్రీన్ రంగు నిగనిగలాడుతోంది, సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది, బేరం కుదిరింది. ఇంటికి తెచ్చిన వారానికి మేస్త్రీ కింద పడుకుని, వెనక క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డపట్టీ) బోల్టు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి గెలికినాడు. ఎండిపోయిన ఒండ్రుమట్టి జలజలా రాలింది. దాని వెనకాలే తుప్పు, పొరలు పొరలుగా. "లోపలంతా తినేసినాది సార్, ఈడ వెల్డింగు కూడా పట్టదు" అన్నాడు. ఆ బండి మీద పెట్టిన డబ్బు తిరిగి రాలేదు.

అప్పటి నుంచి నాది ఒకటే మాట. ఇంజన్ శబ్దం విని పాత జీపు కొనొద్దు. ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) చూసి, కాగితాలు చూసి కొనండి. ఇంజన్‌కు మన కర్నూలులో, అనంతపురంలో, కడపలో ఎక్కడైనా సిలిండర్ బోరింగ్ చేసేవాళ్లు, లేత్ పనివాళ్లు ఉన్నారు. కుళ్లిన ఛాసిస్‌కు, దొరకని ఆర్సీకి మందు లేదు.

ముందు ఏ బండి కావాలో తేల్చుకోండి

మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులతో మొదలుపెట్టినారు. మన పల్లెల్లో వేరుశనగ మండీల దగ్గర, నాపరాళ్ల క్వారీల్లో, చేల గట్ల మీద దశాబ్దాలుగా తిరిగినవి ఎక్కువగా ఆ వంశానివే. బానెట్ ఎత్తుగా ఉంటే అది సీజే 3బీ. దాంట్లోని 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజన్ పొడుగైనది, అందుకే బానెట్‌ను పైకి లేపాల్సి వచ్చింది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 80 అంగుళాలే కాబట్టి ఇరుకు బాటలో ఇట్టే తిరుగుతుంది. ఎంఎం 540 అయితే 91 అంగుళాలు, 2112 సీసీ ప్యూజో ఎక్స్‌డీపీ డీజిల్ ఇంజన్. మొదటిసారి కొనేవాళ్లకు నేను దీన్నే చెప్తాను. ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టుకుని పోవచ్చు, దీని పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు.

మారుతి జిప్సీ 1985 చివర్లో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది, 1996లో 1.3 లీటర్ల ‘జిప్సీ కింగ్’ అయింది. తేలికైన బండి, ఇసుకలో బాగా పోతుంది. జోంగాను జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా సైన్యం కోసం చేసినారు. దాదాపు 4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్ అది. ఎంత ముచ్చటపడినా మొదటి బండిగా మాత్రం వద్దు. పెట్రోలు ఖర్చు ఒక ఎత్తు, సామాన్ల కోసం తిరగడం ఇంకో ఎత్తు.

ఇంకొక సంగతి. ప్రతి మహీంద్రా జీపూ ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేది) కాదు. గేర్ రాడ్ పక్కన అదనపు రాడ్లు కనిపించినా నమ్మకండి, వంగి ముందు యాక్సిల్ చూడండి. దాంట్లో డిఫరెన్షియల్ గుండు (చక్రాల తిరుగుడులో తేడాను సర్దే గేర్లుండేది) ఉండాలి, దాని దాకా ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని యాక్సిల్‌కు చేరవేసే కడ్డీ) రావాలి. రాడ్లు ఉంచి షాఫ్ట్ పీకేసిన బండ్లు చాలా చూసినాను.

చూడడానికి పోయేటప్పుడు

పొద్దున్నే పోండి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేరండి. మీరు వచ్చేసరికి వేడిగా ఉందంటే ముందే స్టార్ట్ చేసి పెట్టినారని అర్థం. జేబులో నాలుగు ఉంచుకోండి: చిన్న సుత్తి, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, టార్చి, తెల్ల కాగితంతో పాటు పెన్సిలు.

సుత్తి ఛాసిస్ కోసం. ముందు కమాన్ పట్టీలు (స్ప్రింగు బద్దలు) తగిలించే చోట మొదలుపెట్టి వెనక షాకిల్ (పట్టీ కొసను ఛాసిస్‌కు కలిపే ముక్క) దాకా మెల్లగా కొట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఠంగుమంటుంది. తుప్పు తిన్న చోట శబ్దం చచ్చిపోతుంది, సుత్తి కింద చెక్కులు రాలతాయి. కొత్తగా వెల్డింగు చేసి నల్లరంగు పూసిన చోటు కనబడితే దాని అటూ ఇటూ మరింత జాగ్రత్తగా చూడండి. అయస్కాంతం బాడీకి. పుట్టీ మందంగా మెత్తిన చోట అది అంటుకోదు. బాడీ రేకు పోతే టింకరింగ్ మేస్త్రీ కొత్త రేకు వేస్తాడు, అది పెద్ద సంగతి కాదు. అయినా పుట్టీ ఎంతుందో తెలిస్తే బేరానికి పనికొస్తుంది.

ఈ విషయంలో అనంతపురం జిల్లా బండ్లంటే నాకు ఇష్టం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో ఇనుము ఎక్కువకాలం నిలుస్తుంది. కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు చింతచెట్టు కింద ఇరవై ఏళ్లు నిలబడిపోయిన జీపు, తీరప్రాంతంలో రోజూ తిరిగే జీపుకన్నా గట్టిగా ఉండొచ్చు. కర్నూలు టౌను బండి అయితే ఒక్క మాట సూటిగా అడగండి: "అన్నా, వరదప్పుడు ఇది యాడుండె?"

కాగితాలు, ఓపికగా

పెన్సిలు, కాగితం దీనికే. ఛాసిస్ నంబరు చెక్కిన చోట మట్టి తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దండి. అచ్చు పడుతుంది. దాన్ని ఆర్సీలో నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. నంబరు చుట్టూ గ్రైండర్ గీతలు ఉన్నా, అంకెలు వంకర టింకరగా ఉన్నా అక్కడి నుంచి వచ్చేయండి. ధర ఎంత తగ్గించినా సరే.

ఇంజన్ నంబరు కూడా చూడాలి. మన వైపు పాత పెట్రోల్ జీపులకు డీజిల్ ఇంజన్లు ఎక్కించడం మామూలు. పని బాగానే చేసి ఉంటారు, ఆర్సీలో మాత్రం ఇంకా పెట్రోల్ అనే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్పును ఆర్టీవో దగ్గర ఎక్కించుకున్నారా లేదా అన్నది కొనకముందే తేలాలి.

సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. గడువు దాటి పడి ఉన్న బండి అయితే రెన్యువల్ చేయించి ఇచ్చే బాధ్యత అమ్మేవాళ్లదేనని రాయించుకోండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. ఎప్పుడో తీసుకున్న ఫైనాన్స్ ఆర్సీలో అలాగే ఉంటే దాన్ని తీయించడానికి ఫారం 35. బళ్లారి పక్కనే కాబట్టి కర్ణాటక బండ్లు మనకు బాగా వస్తాయి. వాటికి అక్కడి నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, మన రాష్ట్రంలో పన్ను కట్టాలి. ఈ ఖర్చు బేరంలో కలుపుకోకపోతే తర్వాత బాధపడతారు. ఆర్సీలోని యజమాని చనిపోయి ఉంటే వారసుల సంతకాలు లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. బండి మీద ఏదైనా పోలీసు కేసు ఉందా అన్నది కూడా ఊళ్లో పెద్దమనిషిని అడిగి తెలుసుకోండి. మన ప్రాంతంలో ఈ ప్రశ్న ఎవరూ తప్పుగా తీసుకోరు.

బండికి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉంటే 2021 నియమాల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. నంబరులో ‘వీఏ’ వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు కొట్టించడానికి తప్ప రోజువారీ తిరగకూడదు. చేనికి పోదామనుకునేవాళ్లకు ఇది పనికిరాదు.

విప్పేటప్పుడు

తొందరపడి విప్పకండి. ప్రతి బోల్టు తీసేముందు సెల్‌ఫోనులో ఫోటో తీయండి, తీసిన బోల్టులు కవర్లలో వేసి పేరు రాసి కట్టండి. ఆరు నెలల తర్వాత ఈ బోల్టు ఎక్కడిదో మీకూ గుర్తుండదు, మేస్త్రీకీ గుర్తుండదు.

విల్లీస్ కాలం నాటి జీపులకు ఎడమ వైపు చక్రాల నట్లకు ఎదురు మరలు ఉంటాయి, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే వదులవుతాయి. బోల్టు కొసన ‘ఎల్’ అక్షరం కనబడుతుంది. ఇది తెలియక పైపు తగిలించి బలమంతా పెట్టి తిప్పితే బోల్టు విరుగుతుంది. ఎడమ చక్రం నట్టు ఎంతకీ రాకపోతే ముందు కొస గుడ్డతో తుడిచి చూడండి.

సీజే 3బీలో పెట్రోలు ట్యాంకు ముందు సీటు కిందే ఉంటుంది. ట్యాంకు తీసి బయట పెట్టకుండా దగ్గర్లో వెల్డింగు చేయనివ్వకండి. ఖాళీ ట్యాంకు ఇంకా ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది. తుప్పు పట్టిన ట్యాంకులో సన్న గొలుసు ముక్క, కాస్త డీజిల్ వేసి ఊపి ఊపి కడిగితే లోపలి చెత్త చాలావరకు వదులుతుంది.

ఏ పని ముందు

అందరూ రంగు దగ్గర మొదలుపెడతారు. రంగు ఆఖరు. ఛాసిస్ గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టాక చేయాల్సిన మొదటి పని బ్రేకులు. ఈ పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే బ్రేకు లైను. ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి. మాస్టర్ సిలిండర్, నాలుగు వీల్ సిలిండర్ల కిట్లు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవి వేయండి. ఇక్కడ పాతది నడుస్తుందిలే అనుకోవద్దు. తర్వాత స్టీరింగ్. ముందు చక్రాలు లేపి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి. లటలట కొట్టుకుంటే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగులో, చక్రం బేరింగులో పోయినట్టు.

ఆ తర్వాతే ఇంజన్. ఏళ్లుగా నిలబడిన పెట్రోల్ ఇంజన్ పట్టేసి ఉంటే బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో కాస్త డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత స్టార్టింగ్ హ్యాండిల్‌తో మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టూ బిగించకూడదు. ఇంజన్ ఎదురు తన్నితే వేలు విరుగుతుంది. నాకు ఇది నేర్పిన మేస్త్రీ మాట చెప్పలేదు, వంకరపోయిన తన బొటనవేలు చూపించినాడు.

ఇంజన్ తిరిగినాక కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి వస్తుందో) చూడండి. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే దాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ చూడండి. ఇప్పుడు పెరిగితే పిస్టన్ రింగుల తప్పు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్. ఈ ఒక్క పరీక్షతో సిలిండర్ బోరు చేయించాలా, వాల్వు గ్రైండింగ్‌తో సరిపోతుందా అన్నది తెలిసిపోతుంది. సీజే 3బీ ఇంజన్ కాల్పు వరుస (సిలిండర్లు మండే క్రమం) 1-3-4-2. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 0.020 అంగుళాలు, ప్లగ్గుల సందు 0.030. ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకులు) కొనుక్కుని మీరే పెట్టుకోవడం నేర్చుకోండి, పది నిమిషాల పని.

మన ఎండకు రేడియేటర్ మీద ఇంకొంచెం ఎక్కువ ఖర్చు పెట్టాలి. సీమ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఇంట్లో గిన్నెలకు పట్టే తెల్ల పొక్కులే రేడియేటర్ గొట్టాల్లోనూ పడతాయి. కోర్ (లోపలి గొట్టాల భాగం) విప్పించి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి, తర్వాత ఎప్పుడూ బోరు నీళ్లు పోయకండి. కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరే కలపండి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు (ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలేది) పీకి పారేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. రేడియేటర్ బాగుంటే అలా పీకాల్సిన అవసరం రాదు. మేస్త్రీకి మర్యాదగానే చెప్పి అది ఉంచమనండి.

వైరింగ్ మొత్తం కొత్తది వేయించండి. ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టడం దండగ. టింకరింగ్, రంగు ఇక మేస్త్రీ చేతిపని. ఒక్కటే అడగండి: రేకు అతికిన చోట పుట్టీ వేయకముందు మీకు చూపించమనండి.

మొదటిసారి బయటికి

ఫోర్ వీల్ రాడ్డును తారు రోడ్డు మీద వేయకండి. ఈ బండ్లలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, ఆ తేడాకు దారి లేక గేర్లూ జాయింట్లూ బిగుసుకుంటాయి. ఇసుక, బురద, రాళ్ల బాట వచ్చినప్పుడే వేయాలి. లో గేరుకు (తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చేది) బండి ఆపి మార్చండి.

ఓర్వకల్లు రాళ్ల దాకానో, జమ్మలమడుగు నుంచి గండికోటకో పోయి రండి, దగ్గరి ప్రయాణం చాలు. వాన పడిన మరునాడు నంద్యాల వైపు నల్లరేగడిలో దిగకండి. ఆ మట్టి టైరు గాడుల్లో నిండి చక్రాన్ని నున్నగా చేసేస్తుంది, ఫోర్ వీల్ ఉన్నా తిరుగుతూ అక్కడే ఉంటుంది. నల్లమలలో పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకూడదు. కడప దగ్గర లంకమల అడవి అంచుల్లో పొదల మీదుగా బండి నడపడం అసలే వద్దు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది ఆ పొదల్లోనే.

యాభై కిలోమీటర్లు పోయాక నీడలో ఆపండి. వెంటనే నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గరికి చెయ్యి తీసుకుపోండి, ముట్టుకోకుండా. ఒకటి మిగతావాటికన్నా బాగా సెగ కొడుతుంటే దాని బ్రేకు పట్టేస్తోంది, ఇంటికి పోగానే విప్పాలి. అన్నీ ఒకేలా ఉంటే స్పానర్ తీసి కమాన్ పట్టీల యూ బోల్టులు ఒకసారి బిగించండి. కొత్తగా వేసినవి మొదటి ప్రయాణంలోనే వదులవుతాయి.