బైక్‌కి హజార్డ్ లైట్లు మనమే పెట్టుకోవడం ఎలా?

చీకట్లో రోడ్డు పక్కన బండి ఆగిపోతే వెనక వచ్చేవాళ్లకి కనిపించేది టెయిల్ లైట్ ఒక్కటే. తాళం తీసేస్తే అదీ ఆరిపోతుంది. అలాంటప్పుడు నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగి ఆరుతుంటే ఇక్కడో బండి ఆగి ఉందని దూరం నుంచే తెలుస్తుంది. వీటినే హజార్డ్ లైట్లు అంటారు. కార్లలో ఇవి కంపెనీ నుంచే వస్తాయి, చాలా బైకుల్లో రావు. నిజానికి బల్బులు, వైర్లు, ఇండికేటర్లని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ అన్నీ మీ బండిలో ఇప్పటికే ఉన్నాయి. లేనిది ఒక్క స్విచ్చే.

స్విచ్చు చిన్నదే కానీ దాని పని కొంచెం తిరకాసు. ఎడమ ఇండికేటర్ల వైరునీ కుడి ఇండికేటర్ల వైరునీ ఒకేసారి ఫ్లాషర్‌కి కలపాలి. స్విచ్చు ఆపగానే ఆ రెండూ మళ్లీ విడిపోవాలి. రెండు వైర్లనీ కలిపేసి మధ్యలో మామూలు స్విచ్చు పెడితే, ఎడమకి తిరుగుతున్నానని సైగ ఇచ్చినప్పుడు కుడివైపు లైట్లు కూడా మెరుస్తాయి. ఇంట్లో చేసుకున్న ఏర్పాట్లు ఎక్కువగా ఇక్కడే తప్పుతాయి.

ముందుగా మీ బండికి ఇది పనికొస్తుందో లేదో చూసుకోండి. ఇండికేటర్లను కంప్యూటర్ మాడ్యూలో మీటర్ బోర్డో నడిపే కొత్త మోడళ్లలో విడిగా ఫ్లాషర్ ఉండదు. అలాంటి బండి వైరింగ్ కోయవద్దు, మాడ్యూల్ పోతే ఖర్చు భారీగా ఉంటుంది. వారంటీలో ఉన్న బండికీ ఇదే మాట. సీటు కిందో, ట్యాంక్ కిందో, హెడ్‌లైట్ డూమ్‌లోనో రెండు మూడు పిన్నుల చిన్న ఫ్లాషర్ ఉండి, ఇండికేటర్ వేసినప్పుడు అది టిక్కుటిక్కుమంటుంటే పని కుదురుతుంది. మీరుండే చోట బండి లైట్ల నిబంధనలు ఏమంటున్నాయో కూడా ఓసారి చూసుకోండి.

కావాల్సినవి

టెస్ట్ ల్యాంప్ (వైరులో కరెంటు ఉంటే వెలిగే పరీక్ష దీపం) గానీ మల్టీమీటర్ గానీ, సోల్డరింగ్ ఐరన్, వేడి చేస్తే ముడుచుకుని వైరుకి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టాలు, కేబుల్ టైలు, 0.75 నుంచి 1 చదరపు మిల్లీమీటరు వైరు, నీళ్లు దిగకుండా రబ్బరు తొడుగున్న స్విచ్చు. టేపు మీద ఆధారపడొద్దు. ఇంజిన్ వేడికి జిగురు కారిపోయి, కొన్ని నెలలకే చుట్టు ఊడి వస్తుంది.

బల్బుల లెక్క కూడా ఇప్పుడే తేల్చుకోండి. చాలా చిన్న బైకుల్లో ఇండికేటర్ బల్బు 12 వోల్టులు, 10 వాట్లు ఉంటుంది. మామూలుగా ఒక వైపు రెండు బల్బులే వెలుగుతాయి కాబట్టి 20 వాట్లు, అంటే సుమారు 1.7 ఆంపియర్లు. హజార్డ్ వేస్తే నాలుగూ కలిపి 40 వాట్లు, అంటే 3.3 ఆంపియర్లు. కొన్ని పెద్ద బండ్లలో 21 వాట్ల బల్బులుంటాయి. వాటికి మొత్తం 7 ఆంపియర్లు పడుతుంది, వైరూ ఫ్యూజూ దానికి తగ్గట్టు పెద్దవి కావాలి. బల్బు అడుగున ఉన్న ఇత్తడి భాగం మీద ఈ అంకెలు ముద్రించి ఉంటాయి, ఊహించకుండా చదివి చూడండి.

పాత ఫ్లాషర్ ఈ రెట్టింపు లోడు మోయగలదా అనేది తర్వాతి ప్రశ్న. వేడెక్కి వంగే లోహపు పట్టీతో పనిచేసే పాత రకానికి ఎంత లోడు పడితే మెరుపు వేగం అంతగా మారుతుంది. నాలుగు బల్బులు ఒక్కసారిగా పడితే అది కంగారుగా కొట్టుకుంటుంది, లేదా కొన్నాళ్లకి చేతులెత్తేస్తుంది. లోడుతో సంబంధం లేకుండా ఒకే వేగంతో నడిచే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కొనడం మంచిది. ఎల్‌ఈడీ ఇండికేటర్లకి అయితే అది తప్పనిసరి. దాని మీద 0.02 నుంచి 20 ఆంపియర్లు అనే తరహాలో విస్తృత పరిధి రాసి ఉంటే రెండు రకాల బల్బులకీ సరిపోతుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల ప్రకారం ఇండికేటర్ నిమిషానికి 90 సార్లు, ముప్పై అటూ ఇటూగా, మెరవాలి. మీ బండి పాతది, 6 వోల్టులది అయితే ఫ్లాషర్ కూడా 6 వోల్టులదే కొనాలి.

వైర్లను గుర్తించడం

రంగు చూసి నమ్మకండి. హోండాలో ఎడమ ఇండికేటర్ వైరు నారింజ, కుడిది లేత నీలం, ఫ్లాషర్ నుంచి వచ్చేది బూడిద రంగు. యమహాలో ఎడమది చాక్లెట్ గోధుమ, కుడిది ముదురు ఆకుపచ్చ. సుజుకీలో ఎడమది నలుపు, కుడిది లేత ఆకుపచ్చ. సుజుకీలో ఇండికేటర్‌కి వెళ్లే నలుపు, యమహాలో ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కి చేరే వైరు). హోండాలో ఎర్త్ ఆకుపచ్చ. ఒక కంపెనీ పట్టిక పట్టుకుని ఇంకో కంపెనీ బండి మీద కూర్చుంటే ఫ్యూజులు వరసగా ఎగిరిపోతాయి. పైగా మీకన్నా ముందు ఆ బండి మీద ఎవరు ఏ వైరు మార్చారో ఎవరికి తెలుసు?

కాబట్టి పరీక్షించే తేల్చుకోండి. టెస్ట్ ల్యాంప్ క్లిప్పుని ఇంజిన్ లోహానికి తగిలించి, తాళం ఆన్‌లోకి తిప్పి, ఎడమ ఇండికేటర్ వేయండి. హ్యాండిల్ నుంచి వచ్చే కనెక్టర్‌లో ఒక్కో పిన్నుకీ సూదిమొన తాకించండి. ల్యాంపు ఇండికేటర్‌తో పాటే వెలిగి ఆరుతున్న పిన్నులు రెండు దొరుకుతాయి. ఇప్పుడు కుడివైపు వేయండి. అప్పుడూ మెరిసేది ఫ్లాషర్ నుంచి వచ్చే వైరు, ఈసారి ఆరిపోయినది ఎడమ వైరు, కొత్తగా మెరుస్తున్నది కుడి వైరు. మూడింటికీ పేర్లు రాసిన టేపు ముక్కలు అతికించండి.

ఆ తర్వాత బ్యాటరీ విప్పండి. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఫ్రేమంతా నెగటివే కదా. ముందే పాజిటివ్ విప్పబోతే పానా ఫ్రేముకి తగిలిన క్షణంలో నిప్పులు ఎగురుతాయి.

సులువైన పద్ధతి: తాళం ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేసేది

దీనికి ఆరు పిన్నుల టాగుల్ స్విచ్చు కావాలి. ఒకే బుడిపెతో కదిలే రెండు స్విచ్చులు పక్కపక్కన ఉన్నట్టే అది. మధ్య రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో ఒకదానికొకటి కలిపి, అక్కడ ఫ్లాషర్ వైరు నుంచి తీసిన కొమ్మ వైరు అతికించండి. ఒక చివర ఉన్న రెండు పిన్నుల్లో ఒకదానికి ఎడమ వైరు, ఇంకోదానికి కుడి వైరు. మిగిలిన రెండూ ఖాళీ. స్విచ్చు వేస్తే రెండు వైపులకీ కరెంటు వెళ్తుంది. తీస్తే ఎడమా కుడీ పూర్తిగా విడిపోతాయి. డయోడ్లు (కరెంటుని ఒకే వైపుకి పోనిచ్చే చిన్న భాగాలు) అక్కర్లేదు. హ్యాండిల్ ఇండికేటర్ వేసి ఉన్నా ఇబ్బంది లేదు, అన్నింటికీ వస్తున్నది ఒకే ఫ్లాషర్ కరెంటు.

లోటు ఒక్కటే: తాళం ఆన్‌లో ఉండాలి. తాళం తిప్పితే హెడ్‌లైట్ కూడా వెలిగే బండ్లలో బ్యాటరీని హజార్డ్ కంటే హెడ్‌లైటే ఎక్కువ తినేస్తుంది. తాళం బండికే వదిలి సాయం కోసం నడిచి వెళ్లడం కూడా అంత తెలివైన పని కాదు.

మెరుగైన పద్ధతి: తాళం తీసినా పనిచేసేది

నా ఓటు దీనికే. రెండో ఫ్లాషర్ ఒకటి, డయోడ్లు రెండు, ఫ్యూజు ఒకటి అదనం. పాత ఫ్లాషర్‌కే బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇద్దామని చూడకండి. ఆ కరెంటు తాళం వైరులోకి వెనక్కి పారి, తాళం తీసినా బండి సర్క్యూట్లు మేలుకునే ఉంటాయి.

బ్యాటరీ పాజిటివ్ నుంచి వైరు తీసి, ఒక జానెడు లోపలే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యనున్న వైరుకి కాపలా ఉండదు. అది ఎక్కడైనా ఒరిసి ఫ్రేముకి తగిలితే వైరు కాలిపోతుంది. ఫ్యూజు నుంచి మామూలు రెండు పిన్నుల స్విచ్చుకి, అక్కడి నుంచి కొత్త ఫ్లాషర్ 'బి' పిన్నుకి తీసుకెళ్లండి. మూడు పిన్నుల ఫ్లాషర్ అయితే 'ఇ' పిన్ను ఎర్త్‌కి వెళ్తుంది. 'ఎల్' పిన్ను నుంచి వచ్చే వైరుని రెండుగా చీల్చి, ఒక్కో కొమ్మలో ఒక్కో డయోడ్ వేసి, ఒకటి ఎడమ వైరుకీ ఇంకోటి కుడి వైరుకీ కలపండి.

డయోడ్ మీద ఒక చివర వెండి గీత ఉంటుంది. ఆ గీత బల్బుల వైపు ఉండాలి. అప్పుడు కరెంటు ఫ్లాషర్ నుంచి బల్బులకే వెళ్తుంది, ఎడమ నుంచి కుడికి దొంగదారిన పోలేదు. 10 వాట్ల బల్బులకి 3 ఆంపియర్ల 1ఎన్5408 సరిపోతుంది. 1ఎన్4007 చవకే కానీ దాని హద్దు 1 ఆంపియరు, అది ఎల్‌ఈడీలకే. డయోడ్ కాళ్లను మరీ మొదట్లో వంచితే లోపల చిట్లుతుంది. కాస్త వదిలి వంచి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ తొడగండి. వాడుతున్నప్పుడు అది వెచ్చబడుతుంది కాబట్టి ప్లాస్టిక్ ప్యానెల్‌కి అతుక్కుని ఉండకుండా చూడండి.

ఈ పద్ధతిలో ఒక అలవాటు చేసుకోవాలి. హజార్డ్ వేసేముందు హ్యాండిల్ ఇండికేటర్ స్విచ్చుని మధ్యలోకి తేవాలి. అది ఒక పక్కకి ఉంటే కొత్త ఫ్లాషర్ కరెంటు పాత ఫ్లాషర్‌లోకి వెళ్లి రెండూ ఒకదాని లయ ఒకటి చెడగొట్టుకుంటాయి.

బిగింపు

స్విచ్చు ఎడమచేతి బొటనవేలికి అందాలి, హార్న్ నొక్కబోతే తగిలేంత దగ్గర కాకూడదు. వైర్లను పాత వైరింగ్ వెంటే తీసుకెళ్లండి. సైలెన్సర్ పైపుకి దూరంగా పెట్టండి. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకీ పూర్తిగా కుడికీ తిప్పి చూసి, ఏ వైపూ వైరు బిగుసుకోకుండా కాస్త వదులు ఉంచాకే టైలు బిగించండి.

వేశాక వచ్చే తేడాలు

నాలుగూ వెలిగి ఆరకుండా అలాగే ఉండిపోతే ఫ్లాషర్‌కి లోడు నప్పలేదు, లేదా 'బి', 'ఎల్' తారుమారయ్యాయి. రెండో పద్ధతిలో ఎడమ ఇండికేటర్ వేస్తే నాలుగూ మెరుస్తూ, హజార్డ్ వేస్తే ఎడమవి మాత్రం వెలగకపోతే ఎడమ డయోడ్ తిరగబడింది. కరెంటు దానిలోంచి వెనక్కి వచ్చి కుడివైపుకి పారుతోందన్నమాట.

హజార్డ్ వేసినప్పుడు మీటర్‌లోని ఇండికేటర్ దీపం వెలగలేదని కంగారు పడకండి. రెండు వైపులకీ కలిపి ఒకే దీపం ఉన్న బండ్లలో ఆ దీపాన్ని ఎడమ, కుడి వైర్ల మధ్య కడతారు. మామూలప్పుడు అది ఒక వైపు నుంచి కరెంటు తీసుకుని, ఆరి ఉన్న రెండో వైపు బల్బుల గుండా ఎర్త్‌కి చేరుస్తుంది. హజార్డ్‌లో రెండు చివరలా ఒకే వోల్టేజీ ఉంటుంది, ఇక దానిలో పారేది ఏముంది? అదే బండికి నాలుగూ ఎల్‌ఈడీలు వేస్తే ఇండికేటర్ ఏ వైపు వేసినా నాలుగూ మెరిసే బెడద మొదలవుతుంది. ఆ దీపం గుండా వచ్చే కాస్త కరెంటే ఎల్‌ఈడీలు వెలగడానికి చాలు. దీపాన్ని తీసేసినా సరే. లేదంటే దాని ఒక చివరని ఎర్త్‌కి కట్టి, రెండో చివరకి రెండు డయోడ్లతో ఎడమ, కుడి వైర్లు ఇవ్వండి. ఈ డయోడ్ల గీత దీపం వైపు ఉండాలి.

వాడకం

పది వాట్ల బల్బులు నాలుగూ సగం సమయమే వెలుగుతాయి కాబట్టి సగటున 1.7 ఆంపియర్లు లాగుతాయి. 5 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద మూడు గంటలు రావాలి. వాడిన బ్యాటరీ అంత ఇవ్వదు, సెల్ఫ్ స్టార్ట్‌కీ కొంత మిగలాలి. అరగంట దాటితే ఆపేయండి, లేదా ఇంజిన్ నడిపి కాసేపు చార్జ్ కానివ్వండి. ఎల్‌ఈడీలకి ఈ చింత చాలావరకు ఉండదు.

వానలోనో మంచులోనో నడుపుతూ హజార్డ్ వేసుకోవడం కొందరికి అలవాటు. నాలుగూ మెరుస్తుంటే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి చెప్పే దారి ఉండదు, పైగా మీ బండి ఆగి ఉందనుకుని వాడు పక్కకి కోసుకొస్తాడు. బండి ఆగాకే స్విచ్చు వేయండి, కదిలే ముందు తీసేయండి.