వైజాగ్ నుంచి ఫుట్‌బాల్ స్ట్రైకర్‌గా బయల్దేరే కుర్రాడికి

ఏయూ గ్రౌండ్లో సాయంత్రం ఆట అయ్యాక, బూట్లు విప్పుకుంటూ కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఐఎస్ఎల్ ట్రయల్స్ ఎప్పుడు?" (ఐఎస్ఎల్ అంటే ఇండియన్ సూపర్ లీగ్, మన దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్.) నేను తిరిగి అడిగేదీ ఒకటే: పోయినేడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడావు, అందులో తొంభై నిమిషాలూ గ్రౌండ్లో ఉన్నవి ఎన్ని? దీనికి జవాబు చెప్పలేకపోతే ట్రయల్స్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒక పాత నోట్‌బుక్ తీసుకుని ప్రతి మ్యాచ్ తర్వాత రాయడం మొదలుపెట్టు. ఎన్ని నిమిషాలు, ఏ పొజిషన్, ఎన్ని షాట్లు, ఏ కాలితో, బాక్స్ (గోల్ ముందున్న పెనాల్టీ గీతల) లోపలా బయటా. ముప్పై మ్యాచ్‌లు రాశాక నీ ఆట గురించి నీకు తెలియని సంగతులు బయటపడతాయి, ఎక్కువగా నచ్చనివే.

స్ట్రైకర్, అంటే అందరికంటే ముందు ఆడుతూ గోల్స్ కొట్టేవాడు, అవుతానంటున్నావు కాబట్టి మన దేశంలో ఆ పొజిషన్ పరిస్థితి ఏంటో తెలుసుకో. 2014లో ఐఎస్ఎల్ మొదలైంది. 2024-25 దాకా పదకొండు సీజన్లు జరిగితే, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా మనవాడికి రాలేదు. 2024-25లో మొరాకో ఆటగాడు అజారై 23 గోల్స్‌తో దాన్ని ఎగరేసుకుపోతే, మనవాళ్లలో అందరికంటే ఎక్కువ కొట్టింది సునీల్ ఛెత్రి, 14 గోల్స్, అదీ నలభై ఏళ్ల వయసులో! (సికింద్రాబాద్‌లో పుట్టినవాడు, కాబట్టి కొంచెం మనవాడే అనుకుంటాం.) క్లబ్బులు స్ట్రైకర్ వేసుకునే నైన్ నంబర్ చొక్కా విదేశీయులకే ఇచ్చేస్తుంటాయి, మన కుర్రాడిని తీసుకెళ్లి వింగ్‌లో, అంటే గ్రౌండ్ పక్క గీత వైపు, పెడతాయి. అందుకని నువ్వు ఇప్పటి నుంచే కుడి వింగ్, ఎడమ వింగ్ రెండూ ఆడి ఉండాలి. "నేను స్ట్రైకర్ని, వింగ్ ఆడను" అని కోచ్‌తో అంటే ఆయనేమీ బాధపడడు, ఇంకొకడిని దింపుతాడు, నువ్వు బెంచ్ మీద కూర్చుంటావు.

ఇక ప్రాక్టీస్. ఆర్కే బీచ్ ఇసుకలో పరుగు మంచిదే, కాళ్లకు బలం వస్తుంది, ఫొటోలు కూడా బాగుంటాయి. కానీ ఇసుకలో బంతి పచ్చికలో వచ్చినట్టు రాదు, ఫస్ట్ టచ్ (వచ్చిన బంతిని మొదటి తాకుడులోనే అదుపు చేయడం), ఫినిషింగ్ (గోల్‌లోకి కొట్టడం) అక్కడ నేర్చుకోలేవు. మన కుర్రాళ్లందరికీ ఒకటే జబ్బు, పాతిక గజాల నుంచి గోల్ కొట్టాలని. పెద్ద లీగుల్లో గోల్స్ చూడు, ఎక్కువ భాగం బాక్స్ లోపలివే, అందులో చాలావరకు ఒకే టచ్‌వి. ముగ్గురు స్నేహితులుంటే చాలు: ఒకడు గోల్ లైన్ దాకా డ్రిబుల్ చేసి వెనక్కి పాస్ ఇస్తాడు, ఒకడు డిఫెండర్, ఒకడు కీపర్, నువ్వు పెనాల్టీ స్పాట్ దగ్గరికి వచ్చి ఆపకుండా కొట్టాలి. కుడి కాలితో యాభై, ఎడమ కాలితో యాభై. ఎడమ కాలితో మొదటి రెండు వారాలు సిగ్గేస్తుంది, వేయనీ.

బంతి రాకముందు ఏం చేస్తావన్నదే అసలు స్ట్రైకర్ పని. సెంటర్ బ్యాక్ (మధ్యలో నిన్ను కాచే డిఫెండర్) బంతినీ నిన్నూ ఒకేసారి చూడలేని చోట నిలబడటం నేర్చుకో, అంటే వాడి వీపు వెనక. వాడు తల తిప్పి బంతి వైపు చూసిన క్షణంలో కదలాలి. ముందు రెండడుగులు ఫార్ పోస్ట్ (బంతికి దూరంగా ఉన్న గోల్ స్తంభం) వైపు వెళ్తున్నట్టు చేసి నియర్ పోస్ట్ (దగ్గరి స్తంభం) వైపు దూరాలి. ఆఫ్‌సైడ్ రూల్ (డిఫెండర్లను దాటి ముందే నిలబడి పాస్ అందుకోకూడదనేది) పూర్తిగా చదువు, అరగంట పని. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ ఉండదన్న సంగతి తెలియక త్రో ఇన్ అప్పుడు డిఫెండర్ల ముందే నిలబడిపోయే స్ట్రైకర్లను డిస్ట్రిక్ట్ మ్యాచ్‌లలో కూడా చూశాను, ఆశ్చర్యం వేస్తుంది.

మన ఊళ్లో ఉక్కపోత ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఐదున్నరకి మొదలుపెట్టి ఏడున్నరకి ముగించు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ సీసా పక్కన పెట్టుకో. మ్యాచ్ ముందు రాత్రి బిర్యానీ వద్దు. ఎందుకో సెకండాఫ్‌లో కడుపే చెబుతుంది.

కాగితాల దగ్గర మనవాళ్లు ఎంత దెబ్బ తింటారో! ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ అంతా ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆన్‌లైన్ పద్ధతి సీఆర్ఎస్‌లో జరుగుతుంది, క్లబ్ లేదా అకాడమీ ద్వారా నీకొక ఐడీ వస్తుంది. అక్కడ బర్త్ సర్టిఫికెట్లో ఒక పేరు, ఆధార్లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక ఉంటే తలనొప్పి మొదలు. అన్నింట్లో పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండేట్టు పదిహేనేళ్ల లోపే సరిచేయించుకో. వయసు తగ్గించి ఆడించమని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషికి దూరంగా ఉండు, ఎముకల వయసు పరీక్షలో దొరికితే కెరీర్ మొదలవకముందే నిషేధం పడుతుంది.

ఎక్కడ ఆడాలి? స్కూల్లో ఉంటే స్కూల్ జట్ల మధ్య జరిగే సుబ్రతో కప్, తర్వాత జిల్లా, అక్కడి నుంచి రాష్ట్ర జట్టు, పెద్దవాళ్లకి సంతోష్ ట్రోఫీ. క్లబ్ వైపు వెళ్తే 2022లో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ కుర్రాళ్ల కోసమే. పైన ఐఎస్ఎల్, దాని కింద ఐ-లీగ్ అని పిలుస్తూ వచ్చిన రెండో లీగ్, దాని కింద ఇంకా మెట్లున్నాయి. మన ఊరి సంగతికొస్తే కొంచెం నవ్వూ కొంచెం బాధా: 2020లో ఐ-లీగ్‌లోకి శ్రీనిధి డెక్కన్‌కి ఎంట్రీ ఇచ్చినప్పుడు విశాఖపట్నం క్లబ్ అనే చెప్పారు, చివరికి ఆట మాత్రం హైదరాబాద్‌లో. కాబట్టి సామాను సర్దుకోవడానికి సిద్ధంగా ఉండు, హైదరాబాద్ కావచ్చు, కోరమాండల్ రైలెక్కి కోల్‌కతా కావచ్చు.

పేరున్న క్లబ్ రిజర్వ్ బెంచ్, పేరులేని క్లబ్‌లో ప్రతి వారం ఆట, ఈ రెండూ ఎదురుగా ఉంటే నేనైతే కళ్లు మూసుకుని రెండోది తీసుకోమంటాను. ఛెత్రి అంతటివాడు 2010లో అమెరికా క్లబ్ కాన్సాస్ సిటీకి, 2012లో పోర్చుగల్ స్పోర్టింగ్ క్లబ్ బీ జట్టుకి వెళ్తే ఆడే ఛాన్స్ చాలా తక్కువ దొరికింది. తిరిగొచ్చి ఇక్కడ ఆడాడు, గోల్స్ కొట్టాడు. స్ట్రైకర్‌కి ప్రాక్టీస్‌లో వచ్చే ధైర్యం వేరు, మ్యాచ్‌లో మూడు మిస్ చేసి నాలుగోది కొట్టాక వచ్చే ధైర్యం వేరు.

ట్రయల్స్ రోజున పక్కవాడు నీకు పాస్ ఇవ్వడు, వాడూ సెలెక్షన్ కోసమే వచ్చాడు కదా. అందుకని బంతి కోసం చెయ్యెత్తి నిలబడకు. డిఫెండర్ దగ్గర బంతి ఉన్నప్పుడు మీదికెళ్లి తొందరపెట్టు, కీపర్ చేజారిన బంతి దగ్గర మొదట నువ్వే ఉండు. వీడియో పంపమంటే మూడు నిమిషాల హైలైట్స్‌తో పాటు ఒక పూర్తి మ్యాచ్ కూడా పంపు, పాట పెట్టకుండా.

ఇప్పుడు నాన్నగారికి ఒక మాట. అయ్యా, ఫలానా అకాడమీ వాళ్లు ట్రయల్ ఫీజు అని, హాస్టల్ అడ్వాన్స్ అని, "ఐఎస్ఎల్‌లో మనవాళ్లున్నారు" అని డబ్బడిగితే ఆగండి. మా దగ్గర ఆడిన ఒక కుర్రాడి తండ్రి ఆటో కుదువపెట్టి కట్టారు, ఆరు నెలలకి అబ్బాయి ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడకుండా ఇంటికొచ్చాడు. నేను ముందే గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు, ఆ బాధ ఇంకా ఉంది. ఏజెంట్‌కి ఫిఫా (ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ) లైసెన్స్ ఉండాలి, పరీక్ష రాసి తెచ్చుకోవాలి. ఆటగాడితో అతని ఒప్పందం రెండేళ్లు మించకూడదు, మైనర్ అయితే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి. క్లబ్‌తో కాంట్రాక్ట్ పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకి మూడేళ్లు, పెద్దవాళ్లకి ఐదేళ్లు మించదు. "మెడికల్ పాసయితేనే ఈ కాంట్రాక్ట్ చెల్లుతుంది" అని రాస్తే ఫిఫా రూల్స్ ఒప్పుకోవు, మెడికల్ ముందే చేయించుకోవాలి. జీతం ఎన్ని నెలలకి, గాయమైతే ఖర్చు ఎవరిది, ఆపరేషన్ అయితే ఎక్కడ, ఇవి కాగితం మీద ఉన్నాయా చూడండి. సంతకానికి ముందు ఒక లాయరుకి చూపించండి. సంతకం పెట్టాక ఒక కాపీ మీ బీరువాలో ఉండాలి. రెండు నెలల జీతం ఆపేస్తే, పదిహేను రోజుల గడువిచ్చి రాతపూర్వకంగా నోటీసు పంపి, అప్పటికీ ఇవ్వకపోతే బయటికొచ్చే దారి ఫిఫా నిబంధనల్లో ఉంది. వాట్సాప్‌లో తిట్టుకుంటే అది నోటీసు కాదు.

చదువు మాన్పించకండి. 2025-26లో ఐఎస్ఎల్ ఎప్పటిలా సెప్టెంబరులో మొదలవలేదు, నెలల తరబడి ఆటగాళ్లందరూ ఎదురుచూశారు, పేరున్నవాళ్లతో సహా. డిగ్రీ చేతిలో ఉండి రాష్ట్రానికి ఆడిన సర్టిఫికెట్ ఉంటే రైల్వే, నేవీ స్పోర్ట్స్ కోటాలో అప్లై చేసుకోవచ్చు, ఆ రెండింటి పెద్ద ఆఫీసులూ మన ఊళ్లోనే కనిపిస్తుంటాయి కదా.

మళ్లీ నీ దగ్గరికొస్తా తమ్ముడూ. మొదటి సీజన్‌లో ఆరేడు మ్యాచ్‌లు గోల్ లేకుండా పోతాయి. అప్పుడు నోట్‌బుక్ తెరువు. షాట్లు వస్తున్నాయా? వస్తుంటే టెన్షన్ వద్దు, షాట్లే రాకపోతే నీ పరుగుల్లో తేడా ఉంది, కోచ్‌ని అడిగి వీడియో చూడు.

సీజన్ అయ్యాక ఇంటికొస్తావు, గాజువాకలోనో పెందుర్తిలోనో ప్రైజ్ మనీ టోర్నమెంటుకి స్నేహితులు లాగుతారు. రాయిలాంటి గ్రౌండ్, లారీ గుద్దినట్టు గుద్దే డిఫెండర్లు, మోకాలు పోతే క్లబ్ ఒక్క రూపాయి ఇవ్వదు, పైగా కాంట్రాక్ట్‌లో బయట ఆడకూడదని ఉండొచ్చు. మరీ బలవంతం చేస్తే రిఫరీగా ఉంటానని చెప్పు. లేదంటే గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తింటూ చూడు.