ఎమ్మారై కాగితాలు చదవడం – 4వ పాఠం: కాంట్రాస్టు సంతకానికి ముందు

ఒకే చోటును రెండు రకాలుగా చూపే టీ1, టీ2 ఎమ్మారై ఫిల్ముల్లో ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలని గత పాఠం చివర అడిగాను. ఆ అభ్యాసానికి జవాబుతో మొదలుపెడదాం. వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం తెల్లగా కనిపించే ఫిల్ము టీ2, అదే ద్రవం నల్లగా కనిపించేది టీ1. ఈ పాఠానికి టీ1 ఒక్కటి గుర్తుంటే చాలు, ఎందుకంటే స్కాను మధ్యలో నరంలోకి ఎక్కించే కాంట్రాస్టు మందు తన పనితనాన్ని చూపేది ముఖ్యంగా ఆ ఫిల్ముల్లోనే. పాఠం పూర్తయ్యేసరికి, కౌంటరు దగ్గర అంగీకార పత్రం చేతికి ఇచ్చినప్పుడు డాక్టరు చీటీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టు, మందు సీసా లేబులు మూడింటినీ కలిపి చదివి, ఏం అడగాలో మీరే తేల్చుకోగలగాలి.

విజయవాడ సూర్యారావుపేటలో ఎమ్మారై టెక్నీషియన్‌గా నేను రోజూ రెండు రకాల మాటలు వింటాను. "ఆ ఇంజెక్షన్ లేకుండా తీయలేరా అండీ?" అని ఒకరంటే, "ఎలాగూ ఇంత డబ్బు కడుతున్నాం, మందు ఎక్కించే తీయండి సార్, అన్నీ తెలిసిపోతాయి" అని ఇంకొకరంటారు. మొదటివారిది భయం, రెండోవారిది ఆశ. ఈ మందుతో డాక్టరు గారు ఏం తేల్చుకోవాలనుకుంటున్నారన్న ప్రశ్న మాత్రం ఇద్దరూ అడగరు.

మందులో పనిచేసేది గాడోలీనియం అనే లోహం. సీటీ స్కానుకు ఎక్కించే అయోడిన్ మందు ఎక్స్-రేలను తానే అడ్డుకుని తెల్లగా కనిపిస్తుంది. గాడోలీనియం అలా తాను కనిపించదు, తన పక్కనున్న నీటిని కనిపించేలా చేస్తుంది. అయస్కాంతంలో పడుకున్నప్పుడు మన ఒంటి నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు రేడియో తరంగం తగిలి పక్కకు ఒరిగి, మళ్లీ కుదురుకుంటాయి. ఆ కుదురుకునే వ్యవధికి సంబంధించిన కొలతే టీ1. గాడోలీనియం అయానులో జత కుదరని ఎలక్ట్రాన్లు 7 ఉండడం వల్ల అది చిన్న అయస్కాంతంలా పనిచేసి, దగ్గరి నీటి కేంద్రకాలను తొందరగా కుదురుకునేలా చేస్తుంది. అలా తొందరపడిన చోటు టీ1 ఫిల్ములో తెల్లబడుతుంది.

ఇక అసలు విషయం, ఆ తెలుపు ఎక్కడ వస్తుందన్నది. మెదడులోని రక్తనాళాల గోడలు చాలా బిగువుగా ఉంటాయి కాబట్టి, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వంటి కొద్ది చోట్ల తప్ప, ఆరోగ్యంగా ఉన్న మెదడులోకి ఈ మందు నాళం దాటి పోదు. గడ్డ, చీము, క్షయ, వాపు వంటివి ఆ గోడను దెబ్బతీసినప్పుడే మందు బయటికి ఊరి అక్కడ తెల్లగా మెరుస్తుంది. రిపోర్టులో "ఎన్‌హాన్స్‌మెంట్" అని రాసేది ఈ మెరుపునే. ఫిట్స్ వచ్చి స్కానుకు వచ్చిన ఒక కుర్రవాడి ఫిల్ములను ఊహించండి. మందు లేని టీ1లో మెదడు పైపొర దగ్గర ఏదో మసకగా ఉంది, అంతే. పన్నెండు మి.లీ. మందు వెళ్లాక తీసిన టీ1లో అదే చోట పెసరగింజంత తెల్లటి ఉంగరం, దాని లోపల ఒక పక్కగా చిన్న చుక్క కనిపించాయి. ఆ చుక్క బద్దెపురుగు పిల్ల తల. ఉంగరం దాని చుట్టూ మెదడు పుట్టించిన వాపు. పురుగు బతికి ఉన్నప్పుడు ఉంగరం అంతగా మెరవదు, చచ్చే దశలో బాగా మెరుస్తుంది, సున్నం పట్టి గట్టిపడ్డాక సాధారణంగా మెరవదు. అంటే ఒక్క మెరుపుతో జబ్బు పేరే కాక దాని వయసు కూడా డాక్టరుకు అందుతుంది. చుక్క లేని, కాస్త పెద్ద, మందపాటి ఉంగరమైతే క్షయ గడ్డ అనే అనుమానం ముందుకు వస్తుంది.

నడుము డిస్కు ఆపరేషన్ అయ్యాక నొప్పి తిరగబెట్టినవారికీ మందు అవసరం రావచ్చు. ఆపరేషన్ మచ్చకు రక్తనాళాలు ఉంటాయి కాబట్టి అది మెరుస్తుంది, కొత్తగా జారిన డిస్కు మందు ఎక్కాక తొలి నిమిషాల్లో మెరవదు. మళ్లీ కత్తి పెట్టాలా వద్దా అన్నది చాలాసార్లు ఈ తేడా మీదే నిలుస్తుంది. అదే ఆపరేషన్ కాని మామూలు నడుము నొప్పికి, మోకాలి లిగమెంటుకు, పిత్తనాళంలో రాళ్లు చూసే ఎమ్మార్సీపీకి సాధారణంగా మందు లేని ప్లెయిన్ స్కాను సరిపోతుంది. అలాంటి చీటీలో "ప్లెయిన్ + కాంట్రాస్ట్" అని కనబడితే, రాసిన డాక్టరుకు ఒక ఫోను చేయమని నేను చెబుతాను.

ఇప్పుడు రెండో కాగితం, క్రియాటినిన్ రిపోర్టు. అది ఎందుకు అడుగుతారో ముందు చూద్దాం. గాడోలీనియం అయాను పరిమాణంలో కాల్షియం అయానుకు దగ్గరగా ఉంటుంది; విడిగా రక్తంలో తిరిగితే కాల్షియం చేయవలసిన పనుల్లో దూరి విషమవుతుంది. అందుకే దాన్ని ఒక అణువులో బంధించి ఎక్కిస్తారు. బంధనం రెండు రకాలు. లీనియర్ రకం గుంటూరు యార్డులో మూతి కుట్టిన మిర్చి టిక్కీ (బస్తా) వంటిది, ఎక్కువ రోజులు పడి ఉంటే కుట్టు వదులు కావచ్చు. మాక్రోసైక్లిక్ రకం నలువైపులా మూసిన పంజరం. కిడ్నీలు బాగుంటే ఏ రకమైనా 24 గంటల్లో 90 శాతానికి పైగా మూత్రంలో పోతుంది. కిడ్నీలు చెడితే మందు ఒంట్లో నిలిచిపోయి, కుట్టు వదులయ్యే వ్యవధి దొరుకుతుంది.

దాని ఫలితమే నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్. చర్మం తోలులా బిగుసుకుపోయి, కీళ్లు ముడుచుకుపోయే ఈ జబ్బు తొలి రోగులను 1997లో అమెరికాలో గుర్తించారు, 2000లో పత్రికకెక్కింది, గాడోలీనియంతో సంబంధం 2006లో బయటపడింది. 1988 నుంచి వాడుకలో ఉన్న మందు మీద అనుమానం రావడానికి అన్నేళ్లు పట్టింది. 2007లో అమెరికా ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక తెచ్చింది. కిడ్నీలు బాగున్నవారికి కూడా లీనియర్ మందు పదే పదే ఎక్కిస్తే మెదడులో కొద్దిగా నిలుస్తోందని 2014లో జపాన్ వైద్యులు చూపారు. దానివల్ల మెదడుకు హాని జరిగినట్టు ఇప్పటివరకూ రుజువు కాలేదు. అయినా ఐరోపా 2017లో కొన్ని లీనియర్ మందులను ఆపేసింది.

క్రియాటినిన్ అంకెను ఒంటరిగా చదవకండి. రిపోర్టులో 1.4 ఉందనుకుందాం. 30 ఏళ్ల మగవాడికైతే లెక్క ప్రకారం ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంచనా) 69 వస్తుంది, 70 ఏళ్ల ఆడమనిషికైతే 40 మాత్రమే. ఫోనులో "సీకేడీ-ఎపి 2021" లెక్క దొరుకుతుంది; వయసు, ఆడా మగా, క్రియాటినిన్ ఇస్తే చాలు. 30 కంటే తక్కువ వస్తే, లేదా డయాలిసిస్ మీద ఉంటే, ఆ మాట టెక్నీషియన్‌కు కాక రేడియాలజిస్టుకే చెప్పాలి. మాక్రోసైక్లిక్ మందుతో ఈ జబ్బు ప్రమాదం అతి స్వల్పం కాబట్టి, తప్పనిసరైతే దాన్నే ఎంచుకుంటారు. డయాలిసిస్ రోగికి, డయాలిసిస్ వంతుకు కాస్త ముందు స్కాను పెడతారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు తండాల వైపు నుంచి వచ్చినవారి కిడ్నీ కాగితం మీద తేదీ కూడా నేను చూస్తాను, మూడు నెలల కిందటి అంకెను నమ్మను.

సీసా మీద పేరు, గాఢత చదవండి. గాడోబ్యుట్రాల్, గాడోటెరేట్, గాడోటెరిడాల్ మాక్రోసైక్లిక్ రకం. గాడోడయమైడ్, గాడోపెంటెటేట్ లీనియర్. మామూలు మోతాదు కిలో బరువుకు 0.1 మిల్లీమోల్. మి.లీ.కి 0.5 మిల్లీమోల్ ఉన్న మందైతే 60 కిలోల మనిషికి 12 మి.లీ., 1.0 ఉన్న గాడోబ్యుట్రాల్ అయితే 6 మి.లీ. సీసాలో సగమే ఎక్కించారని ఒకసారి ఒక పెద్దాయన గొడవపడ్డారు. గాఢత చదివి వినిపించాక శాంతించారు.

ఎక్కేటప్పుడు చేయి చల్లబడడం, కాస్త వికారం మామూలే. దద్దుర్లు, గొంతు బిగుతు, ఊపిరాడకపోవడం మాత్రం ఆ క్షణమే చేతిలోని బెల్లు నొక్కవలసిన సంగతులు. తీవ్రమైన రియాక్షన్ చాలా అరుదు, పదివేల మందిలో ఒకరి కంటే తక్కువ. అయినా ఇంతకుముందు గాడోలీనియం పడలేదంటే తప్పకుండా ముందే చెప్పాలి. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ముసలమ్మ సన్నటి నరంలో పెట్టిన మందు గొట్టం (కాన్యులా) జారి, మందు కండలోకి పోయి చేయి ఉబ్బింది. సెలైన్ వేసి చూడకుండా మందు నొక్కడం నా తప్పు. ఆమె వాపు తగ్గేదాకా చేయి ఎత్తి పట్టుకుని కూర్చున్నాను.

చేపలు, రొయ్యలు పడనివారికి ఈ మందు పడదనడం అపోహ. మెట్‌ఫార్మిన్ బిళ్ల ఆపమనే మాట సీటీ మందుకు సంబంధించినది, మామూలు మోతాదు గాడోలీనియానికి ఆపనక్కరలేదు. పాలిచ్చే తల్లి పాలు పిండి పారబోయనవసరం లేదు, 24 గంటల్లో పాలలోకి వెళ్లేది మోతాదులో 0.04 శాతం కంటే తక్కువ. గర్భిణికి మాత్రం, ప్రాణం మీదికి వస్తే తప్ప, ఎక్కించరు.

అభ్యాసం: తెనాలి నుంచి వచ్చిన 75 ఏళ్ల అమ్మమ్మ బరువు 45 కిలోలు, క్రియాటినిన్ 2.0. రెండేళ్ల కిందట నడుము డిస్కు ఆపరేషన్ అయింది, నెల నుంచి కాలిలోకి నొప్పి లాగుతోంది. చీటీలో "ప్లెయిన్ + కాంట్రాస్ట్" ఉంది, సీసా మీద 0.5 ఉంది. మందుకు కారణం ఉందా? ఈజీఎఫ్‌ఆర్ ఎంత? ఎన్ని మి.లీ.? సీసా ఏ రకమో ఎవరిని అడుగుతారు? జవాబులు 5వ పాఠం మొదట్లో.