అమెరికా ఎన్నికలు మనమే చదువుకుందాం – 4వ పాఠం: ఇంకా ఎన్ని ఓట్లు మిగిలాయి?

ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు జవాబు. 2024లో ట్రంప్‌కు వచ్చినవి 312 ఎలక్టర్ల ఓట్లు (రాష్ట్రానికి ఇన్నని ఉంటాయి, ప్రెసిడెంటును తేల్చేవి ఇవే), కమలా హ్యారిస్‌కు 226. పెన్సిల్వేనియా (19), మిషిగన్ (15), విస్కాన్సిన్ (10) మూడూ అటు కాకుండా ఇటు పడి ఉంటే ఏమయ్యేదని అడిగాను. 312లోంచి 44 తీసేస్తే 268. 226కు 44 కలిపితే సరిగ్గా 270. గెలవడానికి కావలసిందీ అంతే, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. నెబ్రాస్కా, మెయిన్ రాష్ట్రాలు నియోజకవర్గాలవారీగా పంచే ఓట్లను విడిగా లెక్కపెట్టి తికమకపడ్డవాళ్ళు కంగారుపడకండి. అవి ఆ 312, 226లోనే కలిసి ఉన్నాయి.

ఈ పాఠంలో ఫలితాల రాత్రి టీవీలో కనిపించే అంకెల్ని ఎలా చదవాలో చూద్దాం. ఒక కాగితం, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

బాబాయ్ ఫోన్

2020 నవంబర్ 4, ఇక్కడ అమెరికాలో తెల్లవారుజామున మూడు గంటలు. గుంటూరు నుంచి మా బాబాయ్ ఫోన్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, భోంచేసి టీవీ ముందు కూర్చున్నాడు. "ఏరా, పెన్సిల్వేనియాలో ట్రంప్‌కి ఏడు లక్షల మెజారిటీ అంటున్నారు. ఇంక అయిపోయినట్టే కదా?" అన్నాడు. నిద్రమత్తులో నేను "అయిపోయినట్టే బాబాయ్" అనేసి పడుకున్నాను.

శనివారం మధ్యాహ్నం కాకముందే పెన్సిల్వేనియా బైడెన్ ఖాతాలో పడింది, దాంతోపాటే ప్రెసిడెంటు పదవీ. చివరికి తేలిన తేడా 80,555 ఓట్లు. "అమెరికాలో ఉండి నువ్వు చెప్పావు కదరా" అని బాబాయ్ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాడు.

నేను బోల్తా పడింది మన కౌంటింగ్ చూసిన అలవాటు వల్ల. మన దగ్గర పొద్దున ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు, అరగంట తర్వాత ఈవీఎంలు, ఆపైన రౌండ్లు. ఏ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో పోలింగ్ రోజే ఫారం 17సి మీద రాసి ఏజెంట్లకు ఇస్తారు. అంటే లెక్క మొదలయ్యేసరికే మొత్తం ఎంతో తెలుసు. పద్దెనిమిది రౌండ్లలో పన్నెండు అయ్యాయంటే దాదాపు మూడింట రెండు వంతులు అయిపోయినట్టు. అప్పటికి ముప్పై వేల ఆధిక్యంలో ఉన్నవాడి ఇంటి ముందు టపాసులు పేలుతాయి, చాలాసార్లు ఆ టపాసులు వృథా పోవు.

అమెరికాలో మొత్తం ఎంతో ఆ రాత్రి ఎవరికీ కచ్చితంగా తెలియదు. పోస్టులో ఇంకా ఎన్ని వస్తున్నాయో, ఓటు కవర్లు వేసే డ్రాప్ బాక్సుల్లో ఎన్ని ఉన్నాయో తేలాలి. దేశమంతటికీ లెక్కపెట్టే ఎలక్షన్ కమిషన్ కూడా లేదు. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అని ఒకటి ఉంది గాని, అది చూసేది ప్రచారం డబ్బు లెక్కలు. ఓట్లు లెక్కపెట్టేది కౌంటీలు (మన జిల్లాల్లాంటివి), కొన్ని రాష్ట్రాల్లో ఊళ్ళు. దేశంలో కౌంటీలు మూడు వేల పైచిలుకు. ఏ ఓట్లు ముందు, ఏవి వెనక అన్నది రాష్ట్రానికో చట్టం.

మరి ఆ రాత్రి "ఫలానావాళ్ళు గెలిచారు" అని చెప్పేదెవరు? పత్రికలవాళ్ళు, టీవీలవాళ్ళు. అందులో పెద్ద పేరు ఏపీ. మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్. 1848 నుంచి ఈ పని చేస్తోంది. (మొదట్లో "ఏపీ ఫలితం ప్రకటించింది" అని వాట్సాప్‌లో పెడితే, అమరావతిలో ఏమైందని మా పిన్ని అడిగింది.) అది అధికారిక ప్రకటన కాదు. వెనకబడ్డవాళ్ళు ఇక అందుకోలేరని లెక్క తేలాక చెప్పే మాట. ఆ లెక్క మనమూ వేసుకోవచ్చు.

రెండు బస్తాలు

పెన్సిల్వేనియా సంగతే దగ్గరగా చూద్దాం. అక్కడ పోస్టులో ఓటు వేసేవాళ్ళకు బ్యాలెట్‌తో రెండు కవర్లు వస్తాయి. బ్యాలెట్ నింపి, మడిచి లోపలి కవర్లో పెట్టాలి. దాని మీద పేరూ గుర్తూ ఏమీ రాయకూడదు. దాన్ని బయటి కవర్లో పెట్టి, ఆ బయటి కవరు మీద సంతకం చేసి తేదీ వేయాలి. లోపలి కవరు మర్చిపోయి బ్యాలెట్‌ని నేరుగా బయటి కవర్లో పెట్టి పంపిస్తే ఆ ఓటు పోయినట్టే. దాన్ని అక్కడ "నేకెడ్ బ్యాలెట్" అంటారు.

ఇప్పుడు కౌంటీ ఆఫీసులో కూర్చున్నవాళ్ళ పని ఊహించుకోండి. బయటి కవరు చూసి ఓటరు జాబితాతో సరిచూడాలి. కోసి లోపలి కవరు తీసి వేరే కుప్పలో వేయాలి, ఏది ఎవరిదో తెలియకుండా. ఆ కుప్పను తెరిచి, ఒక్కో బ్యాలెట్ మడతలు సాపు చేసి స్కానర్‌లో పెట్టాలి. మడత సరిగ్గా పోకపోతే స్కానర్‌లో ఇరుక్కుంటుంది. రాష్ట్ర చట్టం ప్రకారం పోలింగ్ రోజు ఉదయం ఏడింటికి ముందు ఒక్క కవరు కూడా కోయకూడదు. 2020లో అలాంటి ఓట్లు దాదాపు 26 లక్షలు.

బూత్‌లో పడిన ఓట్లకు ఈ తంతు లేదు. అవి ఆ రాత్రే తేలిపోతాయి.

అంకెలు గుండ్రంగా రాసుకోండి. బూత్‌లలో ట్రంప్‌కు 27 లక్షలు, బైడెన్‌కు 14 లక్షలు. పోస్టులో బైడెన్‌కు 20 లక్షలు, ట్రంప్‌కు 6 లక్షలు. మొదటి బస్తాలో ట్రంప్ 13 లక్షలు ముందు, రెండో బస్తాలో బైడెన్ 14 లక్షలు ముందు. బాబాయ్ ఫోన్ చేసేసరికి మొదటి బస్తా దాదాపు ఖాళీ అయింది, రెండోది సగం కూడా అవలేదు. అదే కవర్లు ముందు విప్పి ఉంటే బైడెన్ లక్షల ఆధిక్యంతో మొదలై, తెల్లారేసరికి కరిగిపోతూ కనిపించేవాడు. అప్పుడు బైడెన్ పార్టీవాళ్ళకు టెన్షన్ పట్టుకునేది. ఏ బస్తా ముందు విప్పినా ఆఖరికి తేలేది ఆ 80 వేలే. మొదట్లో కనిపించి తర్వాత కరిగిపోయిన ఆ ట్రంప్ ఆధిక్యానికి అక్కడ "రెడ్ మిరాజ్" అని పేరుపెట్టారు. ఎర్ర ఎండమావి. (ఎరుపు అంటే మనకు కమ్యూనిస్టులు గుర్తొస్తారు. అక్కడ అది ట్రంప్ పార్టీ రిపబ్లికన్ల రంగు, బైడెన్, హ్యారిస్‌ల పార్టీ డెమోక్రాట్లది నీలం.)

ఒక పార్టీవాళ్ళు బూత్‌కు, ఇంకో పార్టీవాళ్ళు పోస్టుకు ఎందుకు వెళ్ళారు? ఆ ఏడు కరోనా. డెమోక్రాట్లు ఇంటి నుంచే వేయమన్నారు, పోస్టు ఓట్లను నమ్మొద్దని ట్రంప్ చెబుతూ వచ్చాడు. ఇది ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకోవద్దు. 2024 వచ్చేసరికి రిపబ్లికన్ పార్టీయే తనవాళ్ళను ముందుగా ఓటు వేయమని ప్రోత్సహించింది, ఆ తేడా తగ్గింది. పాత ఎండమావిని గుర్తుపెట్టుకుని కొత్త నీళ్ళను ఎండమావి అనుకోవడం కూడా పొరపాటే.

రాష్ట్రం మారితే వరస మారుతుంది. ఫ్లోరిడాలో పోస్టు ఓట్లను ముందుగానే సిద్ధం చేసిపెట్టుకుంటారు కాబట్టి అవీ, ముందస్తు ఓట్లూ మొదట పడతాయి, బూత్‌లవి తర్వాత. కాలిఫోర్నియాలో పోలింగ్ రోజు ముద్రతో పోస్టు చేసిన కవరు వారం తర్వాత అందినా తీసుకుంటారు, సంతకాలు సరిచూస్తూ వారాల తరబడి లెక్కపెడతారు. అక్కడ ఆలస్యమైతే ఏదో జరుగుతోందని కాదు, ఎప్పుడూ అంతే.

ఎంత శాతం కావాలి?

ఇక అసలు లెక్క. వెనకబడ్డ అభ్యర్థి గట్టెక్కాలంటే మిగిలిన ఓట్లలో ఎంత శాతం రావాలి?

మిగిలిన ఓట్లకు ఆధిక్యాన్ని కలపండి. సగం చేయండి. దాన్ని మిగిలిన ఓట్లతో భాగించండి. అంతే.

ఉదాహరణకు ఆధిక్యం 60,000, మిగిలినవి 2,00,000 అనుకుందాం. కలిపితే 2,60,000. సగం 1,30,000. రెండు లక్షల్లో అది 65 శాతం. 65 దగ్గర సమానం, ఒక్క ఓటు దాటితే గెలుపు. చిన్న అభ్యర్థుల ఓట్లను ఇందులో వదిలేశాను, పెద్ద తేడా రాదు.

65 శాతం సాధ్యమా కాదా అన్నది మిగిలినవి ఎక్కడివో తెలిస్తేనే చెప్పగలం. అవి ఫిలడెల్ఫియా నగరానివైతే డెమోక్రాట్‌కు కష్టమేమీ కాదు. రాష్ట్రం మధ్యలోని పల్లె కౌంటీలవైతే ఆశ వదులుకోవచ్చు. అందుకే రాష్ట్రం మొత్తం అంకె చూసి ఊరుకోకుండా కౌంటీ మీద నొక్కి లోపలికి వెళ్ళాలి.

తెర మీద "95 శాతం లెక్కయింది" అని కనిపిస్తుందే, దానితో జాగ్రత్త. ఇందాక చెప్పాను, మొత్తం ఎంతో తెలియదని. ఆ 95 ఒక అంచనా మీద వేసిన శాతం. మర్నాడు పొద్దున అది 92 అయినా ఆశ్చర్యపోవద్దు. ఎవరూ ఓట్లు తెచ్చి కలపలేదు, అంచనా దిద్దుకున్నారు.

మ్యాప్ గురించి ఒక్క మాట. మ్యాప్ ఎర్రగా కనిపిస్తే కంగారు, సంబరం రెండూ వద్దు. టెక్సస్‌లో లవింగ్ కౌంటీ అని ఉంది, 2020 జనాభా లెక్కల్లో 64 మంది తేలారు. మన ఊళ్ళో ఒక పెళ్ళి బంతికి కూర్చునేంత మంది కూడా లేరు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో సుమారు కోటి. మ్యాప్‌లో ఇద్దరికీ ఒక్కో గడి.

గెలిచిన చోట చెడ్డ వార్త

2024 ఎన్నికల రాత్రి మా తెలుగు గ్రూపులో ఒకాయన "లౌడౌన్ హ్యారిస్‌కే" అని టపాసుల బొమ్మతో పెట్టాడు. లౌడౌన్ వర్జీనియాలో ఉంది. ఆష్‌బర్న్, ఆల్డీ అంటే చాలామంది తెలుగువాళ్ళకు చుట్టాలున్న ఊళ్ళే. లెక్క తొందరగా తేలే కౌంటీ. ఆయన చెప్పింది నిజమే, హ్యారిస్ అక్కడ గెలిచింది. కానీ 2020లో బైడెన్‌కు అక్కడ సుమారు 25 పాయింట్ల (అంటే వంద ఓట్లకు 25) ఆధిక్యం వచ్చింది, ఆమెకు వచ్చింది సుమారు 16. వర్జీనియా రాష్ట్రం ఆమె చేజారలేదు. అయితే చదువుకున్నవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు ఎక్కువగా ఉండే శివారులోనే తొమ్మిది పాయింట్లు జారితే, బొటాబొటీగా ఉన్న పెన్సిల్వేనియాలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ రాత్రి నాకు విషయం అర్థమైంది అక్కడే. బాబాయ్‌కి ఈసారి తొందరపడి ఏమీ చెప్పలేదు. ఏపీ మాత్రం మర్నాడు తెల్లవారుజామున 5:34కు విస్కాన్సిన్ ట్రంప్‌దేనని చెప్పి లెక్క ముగించింది.

కాబట్టి మీ కాగితం మీద మూడు నాలుగు కౌంటీలు రాసి పెట్టుకోండి, ఒక్కోదాని పక్కన పోయినసారి తేడా వేసుకోండి. పెన్సిల్వేనియాలోని ఈరీ కౌంటీ తప్పకుండా ఉండాలి. 2012లో ఒబామా, 2016లో ట్రంప్, 2020లో బైడెన్, 2024లో మళ్ళీ ట్రంప్. నాలుగుసార్లూ గెలిచినవాళ్ళవైపే నిలిచింది.

పెద్ద టీవీలే బోల్తా పడ్డ రాత్రి కూడా ఒకటుంది. 2000లో ఫ్లోరిడా డెమోక్రాట్ అభ్యర్థి గోర్‌దేనని రాత్రి ఎనిమిది కొట్టకముందే చెప్పేశారు. ఆ రాష్ట్రం పడమటి కొసకు గడియారం ఒక గంట వెనక, అక్కడ ఇంకా పోలింగ్ నడుస్తోంది. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుని, అర్ధరాత్రి దాటాక రిపబ్లికన్ అభ్యర్థి బుష్‌దేనన్నారు. అదీ వెనక్కి తీసుకున్నారు. ఏపీ మాత్రం ఫ్లోరిడాను బుష్‌కు ఇవ్వకుండా ఆగింది. సుమారు 60 లక్షల ఓట్లలో ఆఖరి తేడా 537, సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి డిసెంబర్‌లో తేలింది.

అధికారికంగా ముగిసే దారి పొడుగ్గానే ఉంటుంది. కౌంటీలు ధ్రువీకరిస్తాయి, ఆపైన రాష్ట్రం, డిసెంబర్‌లో ఎలక్టర్ల ఓటు, జనవరి 6న కాంగ్రెస్‌లో (అక్కడి పార్లమెంటులో) లెక్క, 20న ప్రమాణం. తేడా బాగా తక్కువైతే మధ్యలో రీకౌంట్ ఉంటుంది. 2020లో జార్జియా దాదాపు 50 లక్షల ఓట్లను చేత్తో మళ్ళీ లెక్కపెట్టింది. ఆఖరికి ధ్రువీకరించిన తేడా 11,779.

ఇంటి పని

రెండూ నేను కల్పించిన లెక్కలే, పేర్లు వెతక్కండి.

ఒకటి: ఆధిక్యం 70,000. మిగిలినవి 80,000, అన్నీ ఒకే నగరంలోవి. వెనకబడ్డ అభ్యర్థికి ఇప్పటిదాకా ఆ నగరంలో 81 శాతం వస్తోంది. ఆశ ఉందా?

రెండు: ఆధిక్యం 45,000. మిగిలినవి 3,00,000, అన్నీ ఒకే కౌంటీవి. వెనకబడ్డ అభ్యర్థికి ఆ కౌంటీలో ఇప్పటిదాకా 61 శాతం వచ్చింది. అయితే అక్కడ ఇప్పటిదాకా లెక్కపెట్టినవన్నీ పోస్టు ఓట్లు, మిగిలినవన్నీ బూత్ ఓట్లు. పక్క కౌంటీ ఇలాంటిదే, అక్కడ ఆ అభ్యర్థికి పోస్టులో 62, బూత్‌లలో 49 శాతం వచ్చాయి. ఈ రెండో లెక్కలో 61 చూసి జవాబు రాసేయకండి.

జవాబులు వచ్చే పాఠంలో, ప్రైమరీలు (పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు) మొదలుపెట్టే ముందు.