చిన్న విమానం ఎక్కే ముందు: కరెంటు తీగలతో జాగ్రత్తలు

హైదరాబాద్ శివార్లలో, నాదర్‌గుల్ లాంటి చిన్న రన్‌వేల దగ్గర ఎగిరేవాళ్లు ఇవి తప్పకుండా చూసుకోండి.

- హైటెన్షన్ లైన్లు ఎటు పోతున్నాయో ముందే మ్యాప్‌లో చూసుకోండి. వెంచర్లు పెరిగే కొద్దీ కొత్త లైన్లు పడుతుంటాయి కాబట్టి అక్కడ రోజూ ఎగిరేవాళ్లను కూడా అడగండి.

- గాల్లోంచి తీగ కనబడదు, టవరే కనబడుతుంది. లైన్ దాటాల్సి వస్తే టవర్ నెత్తి మీదుగానే, చాలినంత ఎత్తులో దాటండి. అన్నిటికన్నా పైన ఎర్త్ వైరు ఉంటుంది. అది కరెంటు తీగల కన్నా సన్నం. కింది లావు తీగలను చూసి ఎత్తు సరిపోయిందనుకుంటే దానికే తగులుకుంటారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

- సాయంత్రం ఎండకు ఎదురుగా దిగేటప్పుడు మరింత జాగ్రత్త.

- ఇంజిన్ ఆగి పొలంలో దిగాల్సి వస్తే బోరు మోటార్లు, స్తంభాలు ఎక్కడున్నాయో చూడండి. బోరు ఉందంటే దాదాపుగా తీగ కూడా ఉన్నట్టే.

- తీగ విమానం మీద పడితే కంగారుపడి దిగొద్దు. కరెంటు తీసేశామని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా లోపలే ఉండండి, ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. మంటలు లేస్తే మాత్రం విమానాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూకండి. పాదాలు నేలకు రాస్తూ చిన్న అడుగులతో దూరంగా వెళ్లండి.